నర్సింగ్ ఇంటర్వ్యూకి వెళ్లే పిలకాయలకు

ముందు తేల్చుకోవాల్సింది, నువ్వు అప్లై చేసిన చోట అసలు ఇంటర్వ్యూ ఉందా లేదా అని. ప్రభుత్వ కోటాలో బీఎస్సీ నర్సింగ్ సీట్లు విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో ఇస్తారు. అక్కడ కూర్చోబెట్టి ప్రశ్నలడగరు. మెరిట్, రిజర్వేషన్, సర్టిఫికెట్లు చూస్తారు, అంతే. ఇంటర్వ్యూ అనేది ఎక్కువగా మిషన్ ఆసుపత్రుల స్కూళ్లలో, ట్రస్టులు నడిపే కాలేజీల్లో, మేనేజ్‌మెంట్ సీట్లకు ఉంటుంది. మన నెల్లూరు, ఒంగోలు వైపు పిల్లలు వెల్లూరు, చెన్నై, బెంగళూరు కూడా వెళ్తుంటారు కాబట్టి ప్రాస్పెక్టస్ తెప్పించుకుని ఎంపిక పద్ధతి ఏంటో చదువుకోవాలి. రాత పరీక్ష ఉందా, ఇంటర్వ్యూ ఒక్కటేనా, ఏ భాషలో అడుగుతారు అనేవి అందులోనే ఉంటాయి.

అర్హత కూడా ఇప్పుడే చూసుకో. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమాకు ఇంటర్ ఏ గ్రూపైనా పర్వాలేదు, ఇంగ్లీషు ఉండాలి, 40 శాతం మార్కులు రావాలి. బీఎస్సీకి బైపీసీ కావాలి, జనరల్ వాళ్లకు 45 శాతం, ఎస్సీ ఎస్టీలకు 40. జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నాలుగేళ్లు. జీఎన్ఎం చేసినవాళ్లు తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదివి డిగ్రీ తెచ్చుకోవచ్చు. 'ఈ కోర్సు ఎన్నేళ్లు, ఆ తర్వాత ఏం చదవచ్చు' అని అడిగితే తడుముకునే పిల్లలు చాలామంది. తాను చేరబోయే చదువు ఎన్నేళ్లో తెలియకుండా వచ్చిన పిల్లను చూస్తే, ఎవరో తోస్తే వచ్చిందని ఇంటర్వ్యూ చేసే బోర్డు అనుకుంటుంది.

నేను నెల్లూరులో వార్డు సిస్టర్‌గా, ఆ తర్వాత నర్సింగ్ ట్యూటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇంటర్వ్యూ బోర్డుల్లో చాలా ఏళ్లు కూర్చున్నాను. ఇప్పటికీ ఆత్మకూరు నుంచో, కావలి నుంచో, పొదిలి నుంచో అమ్మానాన్నలు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తే నాకు తెలిసింది చెప్పి పంపుతుంటాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

బోర్డులో ఉన్నవాళ్లు వెతికేది ఒకటే. ఈ పిల్లకు నర్సు పని ఏంటో తెలుసా, తెలిసే వస్తోందా? ఎందుకంటే ఫస్ట్ ఇయర్లో నాలుగు నెలలు ఉండి, వార్డు పోస్టింగ్ మొదలవగానే ఏడ్చుకుంటూ ఇంటికి వెళ్లిపోయే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఆ సీటు మధ్యలో ఇంకొకరికి ఇవ్వడానికి కుదరదు. ఆ సీటు కోసం అప్పు చేసిన కుటుంబం ఒకటి, అది దొరక్క వెనక్కి వెళ్లిన పిల్ల ఒకతి. బోర్డు భయం అదే. కాబట్టి నీ ప్రిపరేషన్ పుస్తకాలతో కాదు, పని చూడడంతో మొదలవ్వాలి.

పని కళ్లతో చూసి రా

మీ ఊరి దగ్గర పీహెచ్‌సీ ఉంటుంది, లేదంటే సబ్ సెంటర్ ఉంటుంది. మన రాష్ట్రంలో పిల్లల టీకాలు బుధవారం, శనివారం వేస్తారు. గర్భిణులకు ప్రతి నెలా 9వ తేదీన ప్రత్యేకంగా పరీక్షలు చేస్తారు. ఈ రోజుల్లో వెళ్లు. ఊరి ఆశా కార్యకర్తను అడిగితే ఏఎన్ఎం సిస్టర్‌తో మాట్లాడిస్తుంది. 'సిస్టర్, నేను నర్సింగ్‌కి వెళ్లాలనుకుంటున్నా, ఒక పూట పక్కన కూర్చుని చూడొచ్చా' అని అడుగు. పీహెచ్‌సీ అయితే డాక్టరు గారి అనుమతి కూడా తీసుకో. ఫోన్ బ్యాగులోనే ఉండాలి. ఫొటోలు, వీడియోలు తీయకూడదు. అక్కడికొచ్చిన తల్లుల సంగతులు ఊళ్లో ఎవరికీ చెప్పకూడదు. అవి బయటపెట్టకపోవడం కూడా నర్సు పనిలో భాగమే.

అక్కడ ఏం చూడాలో చెప్తాను. టీకా మందు ఎందులో తెచ్చారు, ఐస్ ప్యాక్‌లు ఎలా పెట్టారు? సూది వేసే ముందు సిస్టర్ మందు సీసా మీద ఏం చూస్తోంది? వేశాక సూదిని ఎక్కడ కత్తిరిస్తోంది, ఏ రంగు డబ్బాలో వేస్తోంది? బిడ్డను అరగంట అక్కడే ఎందుకు ఉండమంటోంది? సూది వేయడానికి పట్టే సమయం ఎంత, కార్డులోనూ రిజిస్టరులోనూ రాయడానికి పట్టే సమయం ఎంత? ఈ ఆఖరిది చాలామంది గమనించరు. నర్సు పనిలో సగం రాత పని. 'రాయకపోతే చేయనట్టే' అని మా ట్యూటర్లు మాకు నేర్పారు, మేము మా పిల్లలకు నేర్పాము.

బోర్డులో 'ఎప్పుడైనా ఆసుపత్రి లోపలికి వెళ్లావా' అంటే ఈ పూట గురించి చెప్పు. కందుకూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఇంటర్వ్యూలో ఇలా చెప్పింది: 'సిస్టర్ బిడ్డకు సూది వేసే ముందు తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, బిడ్డ కాళ్లు ఎలా పట్టుకోవాలో చూపించింది మేడమ్. తల్లి భయపడితే బిడ్డ కూడా ఏడుస్తుందంట.' ఆ తర్వాత మేము ఆమెను పెద్దగా ఏమీ అడగలేదు.

నర్సింగే ఎందుకు?

ఈ ప్రశ్న అడగని బోర్డు లేదు. 'సేవ చేయాలని ఉంది మేడమ్' అని చెప్పని పిల్లా లేదు. మాట మంచిదే. కానీ వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. 'ఇప్పటిదాకా ఎవరికి చేశావు? ఏం చేశావు?' అక్కడ చాలామంది నోరు మూతపడుతుంది. మదర్ థెరిసా పేరు చెప్తారు, నైటింగేల్ పేరు చెప్తారు. వాళ్ల గురించి మాకు తెలుసు, మాకు నీ గురించి తెలియాలి.

ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తు. 'మా నాయనమ్మ పక్షవాతం వచ్చి మంచాన పడింది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పేదాన్ని. నడుము దగ్గర చర్మం ఎర్రబడితే ఏఎన్ఎం అక్కకు చూపించాను. గుడ్డలు మార్చేటప్పుడు ఆమె సిగ్గుపడేది. అందుకని మా నాన్నను, తమ్ముణ్ని బయటికి పంపి తలుపు వేసేదాన్ని.' ఆ తలుపు వేసే మాట వినగానే నా పక్కన కూర్చున్న ప్రిన్సిపాల్ తల ఎత్తి ఆ పిల్లను చూసింది. రోగి మర్యాద కాపాడడం ఫస్ట్ ఇయర్లో మేము పాఠంగా చెప్తాము. ఆ పిల్ల ఇంట్లోనే నేర్చుకుని వచ్చింది. ఇంగ్లీషు అంతంత మాత్రం, మార్కులు కూడా మరీ ఎక్కువేం కాదు. సీటు ఇచ్చాము.

నీ ఇంట్లోనూ ఇలాంటిది ఒకటి ఉంటుంది. అమ్మమ్మకు షుగరుంటే ఇన్సులిన్ వేళ ఎవరు గుర్తు చేస్తున్నారు? అక్క పురుడుకు నెల్లూరు పెద్దాసుపత్రికి ఎవరు తోడు వెళ్లారు? తమ్ముడికి విరేచనాలైన రాత్రి ఓఆర్ఎస్ ఎవరు కలిపారు? కలిపింది నువ్వే అయితే, ఎన్ని నీళ్లలో కలిపావో చెప్పగలగాలి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో వేయాలి, కలిపింది 24 గంటల్లోపు వాడేయాలి. ఏ సంఘటన అయినా సరే, ఒకటే తీసుకో. ఎవరికి, ఎప్పుడు, నువ్వు చేతులతో ఏం చేశావు, దాంట్లో ఏం కష్టమనిపించింది అనేవి వరుసగా చెప్పుకో. రెండు నిమిషాలకు మించకూడదు. జరగనిది కల్పించి చెప్పొద్దు. రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

ఉద్యోగం కోసం వస్తున్నానని చెప్పడానికి సిగ్గుపడేవాళ్లుంటారు. ఎందుకమ్మా సిగ్గు? 'మా నాన్న రొయ్యల చెరువుల మీద కూలికి వెళ్తాడు, మా చెల్లెలు చదువుకోవాలి, ఈ కోర్సు చదివితే నాకు నిలకడైన ఉద్యోగం వస్తుంది' అని నిటారుగా కూర్చుని చెప్పు. కుటుంబం కోసం వచ్చిన పిల్ల మధ్యలో వదిలి వెళ్లదు, ఆ సంగతి బోర్డుకు తెలుసు. ఆ మాటతో పాటు ఈ పనిలో నీకు నచ్చింది కూడా ఒకటి చెప్పాలి. విదేశాలకు వెళ్లాలని ఉంటే అదీ చెప్పొచ్చు, కాకపోతే ముందు ఇక్కడ వార్డులో అనుభవం సంపాదించాలని నీకు తెలుసని కూడా వాళ్లకు అర్థం కావాలి.

నీట్ రాసి సీటు రాక వచ్చినవాళ్లను బోర్డు తప్పకుండా అడుగుతుంది. దాచొద్దు. 'రాశాను, రాలేదు' అని చెప్పి, నర్సింగ్‌కి ఎందుకు వచ్చావో విడిగా చెప్పు. 'డాక్టర్ కాలేకపోయాను కాబట్టి కనీసం నర్సు' అనే మాట మాత్రం నోట రానీయకు. డాక్టరు రౌండ్స్‌కి వచ్చి మంచం దగ్గర కొన్ని నిమిషాలు ఉంటారు, మిగతా గంటలన్నీ ఆ రోగి దగ్గర ఉండేది నర్సు. ఊపిరి తేడాగా ఉందని, పెదాలు నీలంగా మారుతున్నాయని ముందు కనిపెట్టేది నర్సు. ఈ రెండు పనులూ వేరు. ఇది మనసులో నాటుకున్నాకే ఇంటర్వ్యూకి వెళ్లు.

రాత్రి డ్యూటీ, రక్తం, బెడ్‌పాన్

'నైట్ డ్యూటీ చేస్తావా' అంటే అందరూ 'చేస్తాను మేడమ్' అనేస్తారు. రాత్రంతా మేలుకుని ఉండడం ఎలా ఉంటుందో తెలిసి అనాలి ఆ మాట. చాలా ఆసుపత్రుల్లో నైట్ అంటే రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా. తెల్లవారుజామున మూడు దాటాక నిద్ర ముంచుకొస్తుంది, సెలైన్ అయిపోయేదీ, రోగికి ఆయాసం ఎక్కువయ్యేదీ ఆ వేళల్లోనే. 'అలవాటు లేదు మేడమ్, కానీ మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రుళ్లు మేలుకున్నాను, నేర్చుకుంటాను' అంటే చాలు.

రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయా అని అడిగితే నిజం చెప్పు. మొదటిసారి డ్రెస్సింగ్ చూసి, ఆపరేషన్ చూసి తూలిన పిల్లల్ని నేను ఎందరినో పట్టుకున్నాను. వాళ్లలో చాలామంది మంచి స్టాఫ్ నర్సులయ్యారు. ఏమీ తినకుండా పోస్టింగ్‌కు వచ్చినవాళ్లే ఎక్కువ తూలుతారు. కళ్లు తిరుగుతున్నట్టుంటే వెంటనే పక్కకొచ్చి కూర్చోవాలి, తల కిందికి వంచుకోవాలి, సీనియర్‌కు చెప్పాలి. ఇంతవరకు తెలిసుంటే 'భయపడను' అని బింకంగా అనాల్సిన అవసరం ఉండదు.

ఇక అసలు విషయం. మలమూత్రాలు ఎత్తాలి, వాంతులు తుడవాలి. మగ రోగులకు ఒళ్లు తుడవాలి, డ్రెస్సింగ్ చేయాలి. కులం, మతం చూడకుండా అందరినీ ముట్టుకోవాలి. వీటి గురించి ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడుకో. ఇంటర్వ్యూలో 'చేస్తాను' అని చెప్పి వచ్చాక, మొదటి సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు మేనత్త ఏదో అన్నదని తిరిగి రాని పిల్లల్ని చూశాను. మీ అమ్మానాన్నలకు ఇష్టమేనా అని బోర్డు అడిగితే, 'అడిగాను మేడమ్, ఒప్పుకున్నారు' అని నిజంగా అనగలిగేలా ఉండాలి.

పెళ్లి ప్రశ్న కూడా వస్తుంది. సంబంధాలు చూస్తున్నారా, మధ్యలో పెళ్లి చేస్తే ఎలా అంటారు. నొచ్చుకోకు. కోర్సు పూర్తయ్యాకే అని ఇంట్లో మాట తీసుకుని వచ్చానని చెప్పు. మాట నిజంగా తీసుకునే రా.

'నువ్వు ఒకరికి ఇవ్వాల్సిన మాత్ర ఇంకొకరికి ఇచ్చావు, ఎవరూ చూడలేదు. ఏం చేస్తావు?' ఈ ప్రశ్నకు నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చేదాన్ని. చదువులో వెనకబడితే నేర్పగలం, దాచే అలవాటున్న పిల్లను వార్డులో నమ్మి వదల్లేము. వెంటనే వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌కు చెప్పాలి, డాక్టరుకు తెలపాలి. ఆ రోగిని వదలకుండా గమనిస్తూ ఉండాలి, కేస్ షీట్‌లో జరిగింది జరిగినట్టు రాయాలి. తిట్లు పడినా సరే. 'ముందు ఆ పేషెంట్ ఎలా ఉన్నాడో చూస్తాను' అని మొదలుపెట్టిన పిల్లకు నా మార్కులు పూర్తిగా వేసేదాన్ని. రోగి బంధువులు కేకలేస్తే ఏం చేస్తావు, వార్డులో మనిషి పోతే ఏం చేస్తావు అనేవీ ఇలాంటివే. ఎదురు అరవను, వాళ్ల మాట విని సీనియర్‌ను పిలుస్తాను అనాలి. మనిషి పోయినప్పుడు తెర వేసి, ఆ కుటుంబం పక్కన నిలబడతాను అనాలి. ఏడుపొస్తే రావచ్చు, మాకూ వచ్చేది. ముఖం కడుక్కుని పక్క మంచం రోగి దగ్గరికి వెళ్లగలగాలి.

చదవాల్సినవి

ఇవి పెద్ద కష్టం కాదు. పదో తరగతి, ఇంటర్ బయాలజీలో గుండె, ఊపిరితిత్తులు, జీర్ణక్రియ, రక్తం, మూత్రపిండాలు, హార్మోన్లు మళ్లీ ఒకసారి చదువు. పెద్దవాళ్లలో ఎముకలు 206, గుండెకు నాలుగు గదులు, ఇన్సులిన్ క్లోమం నుంచి వస్తుంది, ఈ స్థాయిలోనే అడుగుతారు. అంకెలు కొన్ని నోటికి రావాలి: టెంపరేచర్ 98.6 ఫారెన్‌హీట్, పెద్దవాళ్ల పల్స్ నిమిషానికి 60 నుంచి 100, శ్వాస 12 నుంచి 20, బీపీ 120/80, ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాములు ఉండాలి, గర్భిణికి 11 కంటే తగ్గితే రక్తహీనత. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్, అంటే ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా. తొమ్మిది నెలలు నిండాక మీజిల్స్ రుబెల్లా.

నైటింగేల్ 1820 మే 12న పుట్టింది, అందుకే ఆ రోజు నర్సుల దినోత్సవం. క్రిమియా యుద్ధంలో సైనికులకు సేవ చేసింది, 1860లో లండన్‌లో నర్సింగ్ స్కూలు పెట్టింది. నువ్వు వెళ్లే సంస్థ గురించి కూడా రెండు ముక్కలు తెలుసుకో. వెల్లూరు సీఎంసీకి (క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి) వెళ్తుంటే, దాన్ని మొదలుపెట్టింది ఐడా స్కడర్ అనీ, అక్కడ నర్సింగ్ స్కూలు 1909లో, డిగ్రీ కోర్సు 1946లో వచ్చాయనీ తెలిసి ఉండాలి.

చేతితో చేసి చూడాల్సినది ఒకటుంది. ఇంట్లో అందరి పల్స్ పట్టు. మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు పెట్టి, గడియారం చూస్తూ నిమిషం నిండా లెక్కపెట్టు. నీ బొటనవేలితో పట్టకూడదు, ఆ వేలికి సొంత నాడి కొట్టుకుంటుంది, లెక్క తప్పుతుంది. శ్వాస లెక్కపెట్టేటప్పుడు ఆ మనిషికి చెప్పకూడదు, చెప్తే ఊపిరి తీరు మార్చేస్తారు. చెయ్యి వాళ్ల మణికట్టు మీదే ఉంచి, పల్స్ చూస్తున్నట్టే ఉండి ఛాతీ కదలిక చూడాలి. బోర్డులో ఒకామె తన చెయ్యి చాచి 'నా పల్స్ చూడు' అన్న సందర్భాలున్నాయి. ఆ చెయ్యి చల్లగా ఉందో వెచ్చగా ఉందో కూడా గమనించిన పిల్ల ఒకతి ఉండేది!

మన ప్రాంతం ఆరోగ్యం

'మీ ఊళ్లో జనానికి ఉన్న పెద్ద ఆరోగ్య సమస్య ఏంటి' అని అడిగితే టీవీలో విన్న క్యాన్సర్, ఎయిడ్స్ పేర్లు చెప్పేస్తారు. నీ ఊరు చూసి చెప్పు. కనిగిరి, పొదిలి వైపు నుంచి వస్తుంటే ఫ్లోరైడ్ నీళ్ల గురించి తెలియకుండా రావొద్దు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. పిల్లల పళ్లు గారపడతాయి, పెద్దవాళ్లకు కీళ్లు బిగుసుకుంటాయి, నడుము వంగిపోతుంది. వచ్చాక నయం చేసే మందు లేదు, మంచి నీళ్లు తాగించి రాకుండా చూసుకోవడమే. మీ తాత నడుం అలా వంగి ఉంటే, ఆయన రోజు ఎలా గడుస్తుందో చెప్పు. అంతకు మించిన జవాబు ఏ పుస్తకంలోనూ లేదు.

కోవూరు, బుచ్చి వైపు వరి పొలాల ఊళ్ల వాళ్లకు పాము కాటు సంగతి తెలియాలి. తాడుతో బిగించి కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. మనిషిని నడిపించకుండా, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108లో ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విరుగుడు ఇంజెక్షన్ అక్కడే ఉంటుంది. మంత్రాలతో గంటలు గడిపి వచ్చినవాళ్లను క్యాజువాల్టీలో చూశాను, ఆ బాధ మాటల్లో చెప్పలేను. మన ఎండల గురించి కూడా చదువుకో. రోహిణి కార్తెలో వడదెబ్బ తగిలిన మనిషి స్పృహలో లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదు. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, విసురుతూ అంబులెన్స్ పిలవాలి. ఇక ఆడపిల్లల్లో రక్తహీనత అన్ని ఊళ్లలోనూ ఉంది. ఐరన్ మాత్ర టీతో వేసుకోకూడదు, నిమ్మరసం తోడైతే ఒంటికి బాగా పడుతుంది.

ఇంగ్లీషు టెన్షన్

తెలుగు మీడియం పిల్లలు దీని గురించే ఎక్కువ భయపడతారు. పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి, కేస్ షీట్ ఇంగ్లీషులో రాయాలి, కాబట్టి బోర్డు చూడక తప్పదు. అయితే వాళ్లు చూసేది నువ్వు చదివి అర్థం చేసుకోగలవా అని. పేరు, ఊరు, చదువు, కుటుంబం, ఇష్టమైన పని, వీటి మీద ఐదారు చిన్న వాక్యాలు నీ సొంత మాటల్లో రాసుకుని గట్టిగా పలుకుతూ ఉండు. బట్టీ పట్టిన పెద్ద వాక్యం మధ్యలో ఒక్క మాట మరిచిపోతే మిగతాదంతా పోతుంది. రోజూ ఇంగ్లీషు పేపర్లో ఒక వార్త పైకి చదివి, దాన్ని తెలుగులో అమ్మకు చెప్పు. ఇంటర్వ్యూలో కొంత చెప్పాక ఆగిపోతే 'మేడమ్, ఇది తెలుగులో చెప్పొచ్చా' అని అడుగు. మన జిల్లాల్లో కాదనేవాళ్లు తక్కువ. చెన్నై, వెల్లూరు వైపు అయితే ఇంగ్లీషు మీద ఇంకాస్త కష్టపడాలి. తమిళం నేర్చుకుంటానని చెప్పడం మంచిది, అక్కడ రోగి మాట్లాడేది ఆ భాషే.

తెలియని ప్రశ్న వస్తే 'తెలియదు మేడమ్' అనేయి. ఊహించి ఏదో చెప్పడం నర్సుకు ప్రమాదకరమైన అలవాటు.

ముగ్గురు పెద్దవాళ్లను వరుసగా కుర్చీల్లో కూర్చోబెట్టి ఒకసారి ఇంట్లోనే ఇంటర్వ్యూ చేయించుకో. టీచరు, ఏఎన్ఎం సిస్టర్, పక్కింటి అన్న, ఎవరైనా సరే. ఫోన్‌లో రికార్డు చేసి విను. గొంతు చివర్లో తగ్గిపోతుంటే అది నీకే తెలుస్తుంది.

సర్టిఫికెట్లు

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, ఫొటోలు. ఒరిజినల్స్ ఒక ఫైలులో, జిరాక్సులు మూడు సెట్లు ఇంకో ఫైలులో. ఎక్కువ ఇబ్బంది వచ్చేది పేర్ల దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, లేదా పుట్టిన తేదీ తేడా ఉంటుంది. మెమో ప్రకారం ఆధార్‌ను ఇప్పుడే సరిచేయించు. ఇంటర్వ్యూ వారంలో పరుగెత్తితే పని కాదు. స్కూలు మూతపడి స్టడీ సర్టిఫికెట్ రాకపోతే మండల విద్యాశాఖ ఆఫీసులో అడగాలి. ఒరిజినల్స్ కాలేజీకి ఇచ్చినప్పుడు ఏమేం ఇచ్చారో రాసి సంతకం, స్టాంపుతో రసీదు తీసుకోండి.

తల్లిదండ్రులకు

మీరు బయట కూర్చోండి. లోపలికి పిలిచినా, పిల్లను అడిగిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పకండి. నాన్న మాట్లాడుతుంటే పిల్ల తల దించుకుని కూర్చుంటుంది, మాకు ఆమె గొంతే వినపడదు.

మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి, అవి గట్టిగా అడగండి. కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఈ ఏడాదికి ఉందా? సొంత ఆసుపత్రి ఉందా, ఎన్ని పడకలు? కనీసం 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలనేది నిబంధన. అందులో రోగులు నిజంగా ఉన్నారా? ఆ వార్డుల వైపు ఒకసారి నడిచి చూడండి. ఖాళీ మంచాల మధ్య ఎవరూ నర్సింగ్ నేర్చుకోలేరు. హాస్టల్ ఫీజు, యూనిఫాం, పరీక్ష ఫీజు, బస్సు, అన్నీ కలిపి కాగితం మీద రాసి ఇమ్మనండి. 'క్లాసులకు రాకపోయినా పర్వాలేదు, పరీక్షలకు వస్తే చాలు' అని చెప్పే బ్రోకర్లు మన బస్టాండుల్లోనే తిరుగుతుంటారు. మా బంధువుల అమ్మాయిని అలా వేరే రాష్ట్రంలోని ఒక కాలేజీలో చేర్పించారు. మూడేళ్ల డబ్బు పోయింది, ఇక్కడ రిజిస్ట్రేషన్ కాలేదు. ఆ పిల్ల తెలివైనది, కష్టపడేది. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. అలాంటి చోట ఇంటర్వ్యూ కూడా ఉండదు, డబ్బు కట్టగానే సీటంటారు. మిమ్మల్ని ఏమీ అడగకుండా చేర్చుకునే నర్సింగ్ కాలేజీని నమ్మకండి.

ఆ రోజు

కొత్త బట్టలు కొనక్కర్లేదు. ఉతికి ఇస్త్రీ చేసిన చుడీదార్, చున్నీ పిన్ను పెట్టుకోవాలి, జడ వేసుకోవాలి. మగపిల్లలైతే చొక్కా టక్ చేసుకుని, గడ్డం నీట్‌గా ఉండాలి. గోళ్లు పూర్తిగా కత్తిరించు, నెయిల్ పాలిష్ తీసేయి. బోర్డులో ప్రతి నర్సు కళ్లూ ముందు నీ గోళ్ల మీదికే వెళ్తాయి, అది మా వృత్తిలో వచ్చిన చూపు. గాజులు చేతి నిండా వద్దు. పూలు పెట్టుకోవాలనిపిస్తే చిన్న ముక్క చాలు.

కనిగిరి, మార్కాపురం అంత దూరం నుంచి వచ్చేవాళ్లు పొద్దున బస్సును నమ్ముకోకుండా ముందురోజు సాయంత్రానికే చేరుకోండి. పొద్దున ఇడ్లీ తిను, నీళ్ల సీసా దగ్గర పెట్టుకో. లోపలికి వెళ్లగానే నమస్కారం పెట్టు, కూర్చోమన్నాక కూర్చో, అడిగినవాళ్ల ముఖం చూసి జవాబు చెప్పు. బయట వరండాలో ఎదురుచూసేటప్పుడు ఆయాను, వాచ్‌మన్‌ను కూడా 'అమ్మా', 'అన్నా' అని మర్యాదగా పలకరించు. ఎవరు ఎలా మాట్లాడారో ఆ ఆయా వచ్చి మాకు చెప్పేది, మేము వినేవాళ్లం.

ఎంపికైతే మెడికల్ ఫిట్‌నెస్ పరీక్షలు చేయిస్తారు. హిమోగ్లోబిన్ తక్కువొస్తే భయపడొద్దు, మందులు వాడి పెంచుకోవచ్చు. హెపటైటిస్ బి టీకా వేయించుకోని వాళ్లు అప్పుడే మొదలుపెట్టండి. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. వెయిటింగ్ లిస్టులో పేరుంటే ఇంటి నంబరుతో పాటు ఎప్పుడూ సిగ్నల్ ఉండే ఇంకో నంబరు కూడా ఆఫీసులో రాయించి రండి. చేరాల్సిన తేదీకి రాని వాళ్ల సీట్లు వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకు వస్తాయి. ఒక్కోసారి పొద్దున ఫోన్ చేసి సాయంత్రంలోగా రమ్మంటారు, కాబట్టి ఫైలు, మొదటి ఫీజు డబ్బు సిద్ధంగా ఉంచుకోండి.